తిరుపతిలో నూనె పూలు చూడటం ఎలా: పువ్వు అడుగు నుంచి తేనెటీగ కాలి దాకా

తేనెటీగ పువ్వు మీద వాలిందంటే తేనె కోసమో పుప్పొడి కోసమో అయ్యుంటుందని అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ తేనె ఇవ్వకుండా దాని బదులు నూనె ఇచ్చే పూలు కొన్నున్నాయి, ఆ నూనెను గీరి తీసుకుపోవడానికి తగ్గ కాళ్లున్న తేనెటీగలూ ఉన్నాయి. 1969లో స్టెఫాన్ వోగెల్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త చెప్పేదాకా పూలకీ తేనెటీగలకీ మధ్య ఇలాంటి బేరం ఒకటుందని లోకానికి తెలీదు. ఇప్పుడు 11 మొక్కల కుటుంబాల్లో దాదాపు 1500 నుంచి 1800 రకాల నూనె పూలున్నాయని లెక్క. ఈ నూనె ఇచ్చే గుణం మొక్కల్లో ఒక్కసారి పుట్టి అందరికీ పంచబడింది కాదు, వేర్వేరు చోట్ల కనీసం 28 సార్లు విడివిడిగా పుట్టిందని 2010లో వచ్చిన ఒక విశ్లేషణ చెప్పింది. అంతకంటే ఎక్కువసార్లే పోయింది కూడా.

మనకెందుకు ఇదంతా అంటే, ఈ పూలలో కొన్ని తిరుపతి, చిత్తూరు ఇళ్ల ముందు, మిద్దె తోటల్లో ఇప్పటికే పూస్తున్నాయి, పెంచేవాళ్లకే ఆ సంగతి తెలీదు. వాటి నూనె తీసుకునే తేనెటీగలు మాత్రం ఇక్కడ లేవు, అవి అమెరికా ఖండాల్లోనే ఉండిపోయాయి. ఇంకోపక్క మన కొండల్లో పెరిగే మాధవీలత ఉంది. అది ఈ పూలలో ఒకటైన బార్బడోస్ చెర్రీ కుటుంబం మొక్కే, కానీ ఆ తేనెటీగలు లేని చోట లక్షల ఏళ్లు బతికి తన పువ్వునే మార్చుకుంది. ఈ రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి చేతిలో పెట్టుకుని చూడండి. పువ్వు ఆకారంలో ఒక్కో వంపు వెనకా ఒక తేనెటీగ కాలో నోరో ఉంటుందన్నది చదవడం కంటే చూస్తేనే బాగా ఎక్కుతుంది. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, గుండుసూది, నాలుగు తెల్ల కాగితాలు, కాస్త ఓపిక చాలు.

1. ముందు ఏ నూనె గురించి మాట్లాడుతున్నామో చూద్దాం

మల్లెలో, సంపంగిలో ఉండేది సుగంధ తైలం. అది గాలిలో కలిసిపోతుంది కాబట్టే మనకు వాసన తెలుస్తుంది. వేరుశనగలో, నువ్వుల్లో ఉండేది గింజ నూనె, మొలక పెరగడానికి మొక్క దాచిపెట్టుకున్న తిండి. మనం చూడబోయేది ఈ రెండూ కాదు. ఇది పువ్వు తన మీదున్న గ్రంథుల్లో తయారుచేసి బయట పెట్టే కొవ్వు. ఆవిరైపోదు, ఎక్కువ వాసన ఉండదు. రసాయనంగా చూసినా వంట నూనెకీ దీనికీ తేడా ఉంది, ఇందులో ఎక్కువగా ఎసిటైల్ గుంపు తగిలించిన కొవ్వు ఆమ్లాలూ, వాటి గ్లిజరైడ్లూ ఉంటాయి.

ఈ నూనెను తీసుకెళ్లేది ఎక్కువగా ఆడ తేనెటీగలే. తాము తాగడానికి కాదు, పిల్లల కోసం. పుప్పొడిలో కలిపి ముద్ద చేసి, దాని మీద గుడ్డు పెడతాయి. చక్కెర గ్రాముకి 4 కిలోకేలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది కాబట్టి పిల్ల పురుగుకి అది గట్టి తిండి. కొన్ని రకాలు ఇదే నూనెను గూటి గది గోడలకు పూస్తాయి. యూరప్, ఉత్తర అమెరికాల్లో మాక్రోపిస్ అనే తేనెటీగ ఉంది. అది చిత్తడి నేలల్లో గూడు తవ్వుకుంటుంది, లైసిమాకియా పూల నూనెను గోడలకు పూసి లోపలికి నీరు దిగకుండా చేసుకుంటుంది.

ఇక్కడే ఒక విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నూనె పూలు చాలావరకు తేనె ఇవ్వవు. అంటే ఆ తేనెటీగ తన ఆకలి తీర్చుకోవడానికి వేరే పూల దగ్గరికి వెళ్లాల్సిందే. నూనె మొక్క ఒక్కటే ఉన్నచోట నూనె తేనెటీగ బతకలేదు.

2. మొక్కలు సమకూర్చుకోండి

అన్నీ కొనక్కర్లేదు, రెండు మూడు చాలు. నర్సరీకి వెళ్లి నూనె పువ్వు మొక్క కావాలంటే ఎవరికీ అర్థం కాదు, పేరుతోనే అడగాలి.

మొదట బార్బడోస్ చెర్రీ. వెస్టిండియన్ చెర్రీ అని కూడా అంటారు. సి విటమిన్ బాగా ఉంటుందని మిద్దె తోటల వాళ్లు ఈమధ్య ఎక్కువగా పెంచుతున్నారు. గులాబీ రంగు చిన్న పూలు, అంచులు ముడతలు ముడతలుగా ఉంటాయి. మీ దగ్గర ఇది ఉంటే సగం పని అయిపోయినట్టే. దీని చుట్టమే సింగపూర్ హోలీ, ముళ్ల అంచుల చిన్న ఆకులతో బోన్సాయ్ కుండీల్లో కనిపిస్తుంది, అదీ పనికొస్తుంది.

రెండోది ఏంజెలోనియా. ఊదా, తెలుపు, గులాబీ రంగుల్లో నిటారుగా పూసే కుండీ మొక్క. మన ఎండను బాగానే తట్టుకుంటుంది, అందుకే ఇక్కడ ఇంతగా అమ్ముడుపోతోంది.

మూడోది పోల్చుకోవడానికి, థ్రయాలిస్. పసుపు పచ్చ గుత్తులతో ప్రహరీ గోడల పక్కన, పార్కుల్లో కంచెలా పెంచుతారు. ఇది బార్బడోస్ చెర్రీ కుటుంబమే, కానీ పువ్వు కింద నూనె గ్రంథులు సాధారణంగా ఉండవు. ఒకే ఇంటి పిల్లల్లో ఒకరికి ఉన్నది ఇంకొకరికి ఎందుకు లేదో చూడటానికి ఇంతకంటే మంచి జత దొరకదు. దీన్ని తప్పకుండా పెట్టుకోండి, చాలామంది పరీక్షించాలనుకున్న పువ్వు ఒక్కటే చూసి, పోల్చడానికి ఇంకోటి లేక తికమక పడతారు.

ఆన్సిడియం ఆర్కిడ్లలో కూడా నూనె ఇచ్చేవి ఉన్నాయి. తిరుపతి వేడికి వాటిని నిలబెట్టడం కష్టం, హార్స్‌లీ హిల్స్ లాంటి చల్లటి చోటైతే వీలుపడుతుంది. వీటిలో కొన్ని పసుపు పచ్చ ఆర్కిడ్లు బార్బడోస్ చెర్రీ కుటుంబపు పూలలా వేషం వేసి తేనెటీగల్ని మోసం చేస్తాయి. ఆ కథ చాలా పెద్దది, ఇప్పటికి వదిలేద్దాం.

3. పువ్వును తిరగేసి చూడండి

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే, తొందరపడొద్దు.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, అప్పుడే విచ్చుకున్న బార్బడోస్ చెర్రీ పువ్వును కాడతో సహా తుంచండి. మనం ఎప్పుడూ పువ్వును ముందు నుంచే చూస్తాం, ఇక్కడ చూడాల్సింది వెనక. కాడ పట్టుకుని తిరగేస్తే రేకుల కింద పచ్చటి రక్షక పత్రాలు కనిపిస్తాయి. వాటి మీద జంటలు జంటలుగా ఉబ్బిన గుండ్రటి బొడిపెలు, ఒక్కోటి ఒకటి రెండు మిల్లీమీటర్లుంటుంది. బార్బడోస్ చెర్రీకి ఇవి ఆరు నుంచి పది దాకా ఉంటాయి. అవే నూనె గ్రంథులు. మొగ్గలో ఉన్నప్పుడే ఇవి బయటికి తెలుస్తాయి, అసలు కొన్ని మొగ్గల్లో మొగ్గ కంటే గ్రంథులే ముందు కనబడతాయి.

ఇప్పుడు భూతద్దం పెట్టి ఒక బొడిపె మీద చూపు నిలపండి. పైన పల్చటి పొర బిగుతుగా, మెరుస్తూ ఉంటుంది. కింది కణాలు నూనె తయారుచేసి ఆ పొర కిందికి వదులుతాయి, పొర పొక్కులా లేస్తుంది. గుండుసూది మొనతో పొరను మెల్లగా తాకి ఒక్క గీత గీయండి. గుచ్చొద్దు. గుచ్చితే లోపలి మొక్క రసం కూడా వచ్చి నూనెతో కలిసిపోతుంది. గీత పడిన చోట తడిగా మెరిసే సన్నటి పొర వస్తే అదే మీరు వెతుకుతున్నది. పొక్కు పగలాలంటే గీరాలి, నాలుకతో నాకితే రాదు. నూనె తేనెటీగ కాళ్లకు దువ్వెన లాంటి గట్టి వెంట్రుకల వరసలు ఉండటానికి కారణం ఇదే.

తర్వాత పువ్వును పక్క నుంచి చూడండి. అయిదు రేకులూ మొదట్లో సన్నటి కాడలా ఉండి పైకి వెళ్లాక విచ్చుకుంటాయి. ఆ సన్నటి కాడల మధ్య ఖాళీలు ఉంటాయి. పువ్వు పైన వాలిన తేనెటీగ ఆ ఖాళీల్లోంచి కాళ్లు కిందికి చాపితేనే గ్రంథులు అందుతాయి. రేకుల్లో ఒకటి మిగతావాటికి కాస్త భిన్నంగా, కాడ మందంగా ఉంటుంది. దాన్ని జెండా రేకు అంటారు. అమెరికాలో సెంట్రిస్ అనే తేనెటీగ ఈ పువ్వు మీద వాలగానే చేసే మొదటి పని ఆ జెండా రేకు కాడను దవడలతో కరిచి పట్టుకోవడం. అలా తన బరువు నిలుపుకుని, ముందు కాళ్లూ మధ్య కాళ్లూ ఖాళీల్లోకి దించి గ్రంథుల్ని గీరుతుంది. అది గీరుతున్నంతసేపూ దాని పొట్ట కేసరాల (పుప్పొడి ఉండే కాడల) మీదా కీలాగ్రాల (పుప్పొడిని అందుకునే కొసల) మీదా రుద్దుకుంటూ ఉంటుంది, పువ్వుకి కావాల్సింది అదే. పువ్వులో 10 కేసరాలు, మధ్యలో 3 కీలాలు ఉంటాయి, లెక్కపెట్టి చూడండి. పొట్ట ఎక్కడ తగులుతుందో ఊహించుకుంటే ఆ అమరిక ఎందుకలా ఉందో మీకే తెలిసిపోతుంది.

ఇదే పని థ్రయాలిస్ పువ్వుకి చేయండి. కింద బొడిపెలు ఉండవు. అది పుప్పొడి కోసం వచ్చేవాళ్ల మీద ఆధారపడే పువ్వు.

ఏంజెలోనియాలో ఏర్పాటు వేరు. పువ్వు గొంతు దగ్గర కింది పెదవి లోపల రెండు లోతు తక్కువ సంచులుంటాయి. కొత్త బ్లేడుతో పువ్వును నిలువుగా చీల్చి వెలుతురుకి పెట్టి చూడండి. సంచి అడుగున నూగులా సన్నటి రోమాలు, చివర్లు ఉబ్బి మెరుస్తూ కనిపిస్తాయి. ఇక్కడ నూనె పొర కింద పొక్కులా ఉండదు, రోమాల చివర్ల నుంచి వస్తుంది. దీనికి గీరడం కంటే అద్దుకోవడం అవసరం, కాబట్టి ఇలాంటి పూలకు వచ్చే తేనెటీగల ముందు కాళ్ల మీద మెత్తటి, నూనె పీల్చే వెంట్రుకల మెత్తలుంటాయి. ఇందులో అన్నిటికంటే ఆశ్చర్యం దక్షిణాఫ్రికాలో ఉంది. డయాస్కియా అనే పువ్వు నూనెను రెండు పొడవాటి తోకల్లాంటి గొట్టాల చివర్లో దాస్తుంది, ఆ గొట్టాలు పొడవయ్యే కొద్దీ రెడివివా తేనెటీగల ముందు కాళ్లూ పొడవయ్యాయి. కొన్ని రకాల్లో ముందు కాళ్లు ఒంటి కంటే పొడవు.

4. కాగితం పరీక్ష

కంటికి మెరుస్తున్నదల్లా నూనె కాదు. మంచు చుక్క మెరుస్తుంది, తేనె మెరుస్తుంది, నర్సరీ వాళ్లు కొట్టిన మందు కూడా మెరుస్తుంది. కాబట్టి తేల్చుకోవాలి.

సన్నటి తెల్ల కాగితం తీసుకోండి, నోట్‌బుక్ కాగితం చాలు, నున్నటి ఆర్ట్ పేపర్ మాత్రం వద్దు. నాలుగు గళ్లు గీసి వాటి కింద పెన్సిల్‌తో పేర్లు రాయండి: బార్బడోస్ చెర్రీ, ఏంజెలోనియా, థ్రయాలిస్, మందారం (ఇది నూనె ఇవ్వని మామూలు పువ్వు, పోల్చడానికి). పెన్ను వాడితే సిరా పాకుతుంది. పువ్వు మొత్తాన్ని నొక్కకండి, రేకుల రంగూ రసమూ దిగి అంతా గందరగోళం అవుతుంది. బార్బడోస్ చెర్రీకైతే రేకులు తీసేసి, గ్రంథులున్న రక్షక పత్రాల్నే పట్టుకారుతో గడిలో పెట్టి గోటితో మెల్లగా రుద్దండి. ఏంజెలోనియాకైతే సంచుల భాగం మాత్రమే. ఒక్క పువ్వులో నూనె చాలా తక్కువ, అందుకే ఒకే చుక్క మీద వరసగా పది పూలదాకా రుద్దితే గుర్తు స్పష్టంగా వస్తుంది.

కాగితాన్ని నీడలో ఒక రాత్రి వదిలేయండి. ఎండలో పెట్టొద్దు, ఫ్యాన్ కింద కూడా వద్దు. మర్నాడు కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. నీటి మరక ఆరిపోయి ఉంటుంది, తేనె మరక గట్టిపడి కాస్త ముడత పడి ఉంటుంది, నూనె మరక మాత్రం బజ్జీలు కట్టిచ్చిన కాగితం మీదిలా వెలుతురును లోపలికి వదులుతూ అలాగే ఉంటుంది. సుగంధ తైలమైతే ఈపాటికి ఎగిరిపోయి ఉంటుంది. మందారం గడిలో కూడా మీకు అలాంటి జిడ్డు మరకే వస్తే అది మీ వేళ్ల జిడ్డు, చేతులు సబ్బుతో కడుక్కుని మళ్లీ మొదలుపెట్టండి. ఉదయం తలకు నూనె రాసుకుని ఈ పరీక్షకు కూర్చుంటే ఫలితం నమ్మడానికి ఉండదు.

కాలేజీలో చదివే పిల్లలుంటే బోటనీ ల్యాబ్‌లో అడిగి సుడాన్ 3 రంగుతో ఇదే పని చేయించవచ్చు. అది కొవ్వుకి అంటుకుని ఎరుపు నారింజ రంగు ఇస్తుంది. ఆ రంగు ఆరోగ్యానికి మంచిది కాదు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వకండి. ఇంటికి తేవద్దు.

5. ఎవరు వస్తున్నారో చూడండి, ముఖ్యంగా కాళ్లు

తిరుపతిలో ఎండాకాలం ఎనిమిదిన్నర దాటితే మిద్దె మీద నిలబడలేం, తేనెటీగలు కూడా నీడ వెతుక్కుంటాయి. ఆరున్నర నుంచి మొదలుపెట్టండి. మొక్కకు రెండు మూడు అడుగుల దూరంలో, మీ నీడ పూల మీద పడకుండా కూర్చోండి. సెంటు కొట్టుకోవద్దు. ఒక గుత్తిని ఎంచుకుని పావుగంట దాన్నే చూడండి, మొక్క మొత్తం చూడాలనుకుంటే ఏదీ సరిగా కనిపించదు.

ఇక్కడ మీకు కనిపించేవాళ్లు దాదాపు ఇంతే: మామూలు పుట్ట తేనెటీగ, బండలకీ పెద్ద చెట్లకీ పట్టు పెట్టే కొండ తేనెటీగ, పొదల్లో పట్టు పెట్టే చిన్న తేనెటీగ, నల్లగా ఈగంత ఉండే కుట్టని తేనెటీగ, పొట్ట మీద నీలి చారలతో గాలిలో ఆగి ఆగి ఎగిరేది, పెద్ద నల్ల తుమ్మెద. వీటిలో నూనె సేకరించేది ఒక్కటీ లేదు. ఇది తెలిసి కూర్చుంటేనే చూడటం మొదలవుతుంది. ఎందుకంటే ఇప్పుడు మీ ప్రశ్న ఏ తేనెటీగ వచ్చిందన్నది కాదు, వచ్చింది పువ్వులో ఏ భాగాన్ని ముట్టుకుందన్నది.

వాలిన తేనెటీగ పైన కేసరాల మీదే తిరుగుతోందా? అయితే అది పుప్పొడి కోసం వచ్చింది. నాలుక చాచి పువ్వు మొదట్లోకి పెడుతోందా? తేనె వెతుకుతోంది. దవడలతో రేకు కాడ కరిచిందా? కాళ్లు రేకుల మధ్య నుంచి కిందికి దించిందా? ఈ చివరి రెండూ మన ఊళ్లో బార్బడోస్ చెర్రీ మీద మీకు కనిపించవు. తేనెటీగ పై పైన నడిచి, పుప్పొడి దులుపుకుని వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఆ పువ్వునే తుంచి భూతద్దంతో చూడండి. కింద గ్రంథుల పొర గీత పడకుండా ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. సాయంత్రం రాలిన పూలు ఏరి కూడా చూడండి. ఎక్కడో బ్రెజిల్‌లో ఉండే ఒక కాలి కోసం తయారైన నూనె మన మిద్దె మీద ఎవరికీ అక్కర్లేక రాలిపోతుంటే నాకైతే ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. మామూలు తేనెటీగ వెనక కాళ్ల మీద తడి తడిగా పసుపు ముద్ద చూసి అదిగో నూనె అనేస్తారు. ఆ తేనెటీగ పుప్పొడిని తేనెతో తడిపి ముద్ద కడుతుంది, తడి దానిదే. నూనె తేనెటీగ వెనక కాళ్లు వేరుగా ఉంటాయి. దట్టమైన పొడవాటి కొమ్మల వెంట్రుకలు, వాటిలోకి పీల్చుకున్న నూనె, మీద అంటిన పుప్పొడి, మొత్తం జిడ్డుగా మెరుస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి కాళ్ల మీద ఫోకస్ చేసి తీస్తే ఈ తేడా తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. తేనెటీగను పట్టుకోవాల్సిన అవసరం ఎక్కడా లేదు, పట్టుకోకండి.

6. మాధవీలత దగ్గరికి వెళ్లండి

ఇప్పుడు అసలు పోలిక. మాధవీలత, సంస్కృతంలో అతిముక్త, బార్బడోస్ చెర్రీకి దూరపు చుట్టం. రాధామనోహరం తీగతో కలిపేసుకోకండి, అది గొట్టం పూల మొక్క, వేరే కుటుంబం. మాధవి తూర్పు కనుమల అడవుల్లో సహజంగా పెరుగుతుంది, గుడి తోటల్లోనూ కొందరి ఇళ్లలోనూ పందిరికి పాకిస్తారు. చలి తగ్గుతున్న రోజుల్లో, జనవరి నుంచి మార్చి మధ్యలో ఎక్కువ పూస్తుంది. శేషాచలం అడవిలో కనిపిస్తే ఫోటో తీసుకోండి, తుంచకండి. 1989 నుంచి అది శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010 నుంచి ఆ కొండలు బయోస్ఫియర్ రిజర్వ్, అటవీ శాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తీసుకోకూడదు. ఎవరింటి పందిరి నుంచో అడిగి ఒక గుత్తి తెచ్చుకోవడం మేలు.

తెల్లటి రేకులు, అంచులు కుచ్చుల్లా చీలి ఉంటాయి, ఒక రేకు మీద పసుపు మరక. వాసన బాగుంటుంది. ముందు ఆ పసుపు మరక రేకును చూడండి, మిగతా నాలుగిటికీ దానికీ తేడా ఉంటుంది, బార్బడోస్ చెర్రీలో జెండా రేకు గుర్తుకొస్తుంది. తిరగేయండి. అక్కడ ఆరో పదో ఉన్న గ్రంథుల చోట ఇక్కడ ఒక్కటే పెద్ద గ్రంథి, పువ్వు కాడ మీదికి కూడా కాస్త దిగి ఉంటుంది. దాన్ని కాగితం మీద రుద్ది రాత్రంతా ఉంచితే పారదర్శకమైన జిడ్డు మరక మిగలదు. ఎందుకంటే అందులో వచ్చేది నూనె కాదు, తీపి ద్రవం.

ఏం జరిగిందంటే, ఈ కుటుంబం పుట్టింది అమెరికా వైపు. అక్కడ నూనె తేనెటీగలతో కుదిరిన బేరం కోట్ల ఏళ్లుగా నడుస్తోంది, దాంతో అక్కడి వెయ్యికి పైగా రకాల పువ్వు నమూనా పెద్దగా మారలేదు. ఆ కుటుంబంలో కొన్ని శాఖలు వేర్వేరు కాలాల్లో ఆఫ్రికా, ఆసియాలకు చేరాయి. తేనెటీగలు వాటి వెంట రాలేదు. చార్ల్స్ డేవిస్ అనే వృక్షశాస్త్రవేత్త బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ రెండు పక్కలనీ పోల్చి, తేనెటీగతో బంధం ఉన్నంతకాలం పువ్వు నిలకడగా ఉందనీ, అది తెగిన చోట ఆకారం మారిపోయిందనీ చూపించింది. నూనె గీరే కాలు లేని చోట నూనె తయారుచేయడం దండగ ఖర్చు. మాధవి ఆ ఖర్చు మానేసింది.

దాని బదులు ఏం పెట్టిందో కేసరాల్లో చూడండి. పదిలో ఒకటి మిగతావాటి కంటే చాలా పొడవు, వంగి ముందుకు చాచి ఉంటుంది. చిన్న కేసరాలు తేనెటీగకు తిండి పెడతాయి, పొడవాటిది దాని ఒంటి మీద పుప్పొడి పూస్తుంది. ఇంకో విషయం, గుత్తిలో నాలుగైదు పూలు వరసగా పెట్టి చూస్తే కొన్నిట్లో కీలం ఎడమ వైపుకీ కొన్నిట్లో కుడి వైపుకీ వంగి ఉంటుంది, అద్దంలో బొమ్మల్లా. ఎడమ పువ్వు నుంచి వచ్చిన పుప్పొడి తేనెటీగ ఒంటికి ఏ పక్కన అంటుతుందో, అది కుడి పువ్వు కీలాగ్రానికి ఎలా తగులుతుందో చూస్తుంటే టైం తెలీదు. కొండ తేనెటీగలు, తుమ్మెదలు దీనికి వస్తాయి, నూనె కాళ్లు లేకపోయినా పని జరిగిపోతుంది. మూడు రెక్కల కాయ కట్టిందంటే సాక్ష్యం మీ ఎదురుగా ఉన్నట్టే.

7. కాకర పందిరిని వదలొద్దు

నూనె కథ మన వైపు అసలు లేదనుకోకండి. కాకర, ఆగాకర, మన రాయలసీమ సంతల్లో దొరికే కాసరకాయ, ఇవన్నీ మొమోర్డికా అనే ఒకే ప్రజాతి. ఈ ప్రజాతిలో చాలా రకాలు రేకుల మొదట్లో రోమాల ద్వారా నూనె ఇస్తాయి. వాటికి సరిపడే తేనెటీగలు టీనోప్లెక్ట్రా అనేవి, ఆఫ్రికా, ఆసియా ఉష్ణ ప్రాంతాల నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్నాయి. ఇవి కాళ్లతో గీరవు. పొట్ట అడుగున ఉన్న వెంట్రుకల మెత్తతో నూనె అద్దుకుని, వెనక కాలి మీద ఉన్న వెడల్పాటి దువ్వెన లాంటి ముల్లుతో దువ్వి కాలి వెంట్రుకల్లోకి మార్చుకుంటాయి. గూళ్లు చెక్కలోని పాత తొర్రల్లో పెడతాయి.

కాబట్టి కాకర పందిరి ఉంటే తెల్లవారుజామునే, పూలు విచ్చుకునే వేళకు వెళ్లండి. ఆగాకరకైతే సాయంత్రం వెళ్లాలి, అది పొద్దుగూకాక విచ్చుకుంటుంది. కాకర పూలకు మన దగ్గర ఎక్కువగా మామూలు తేనెటీగలూ, చిన్న ఒంటరి తేనెటీగలూ వస్తాయి. వాటి మధ్యలో ఒకటి పువ్వు మొదట్లో పొట్ట ఆనించి రుద్దుతూ కనిపిస్తే అక్కడే ఆగిపోండి. వీడియో తీయండి, వీలైతే పక్క నుంచి, వెనక కాలూ పొట్ట అడుగూ కనిపించేలా. తేదీ, టైం, ఊరు, ఏ పువ్వు అన్నవి కలిపి ఐనాచురలిస్ట్ అనే ప్రకృతి పరిశీలనల వెబ్‌సైట్‌లో పెట్టండి. టమాటా, వంగ తోటలకు పురుగుమందు కొట్టే రోజుల్లో పక్కనే ఉన్న కాకర పందిరికి ఎవరూ రాకపోవచ్చు, అది కూడా రాసుకోండి.

8. తేనెటీగ చేయని పని మీరు చేయండి

బార్బడోస్ చెర్రీ పెంచేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, పూత విపరీతంగా ఉంది, కాయ ఎందుకు నిలవట్లేదు అని. ఎరువు వేస్తారు, మందు కొడతారు, కుండీ మారుస్తారు. ఈశాన్య బ్రెజిల్‌లో ఈ పంటకు ప్రధానంగా పరాగసంపర్కం చేసేది సెంట్రిస్ తేనెటీగలే. అక్కడ సెంట్రిస్ అనాలిస్ అనే రకానికి తోటల్లోనే చెక్క గూళ్లు పెట్టి పెంచే పద్ధతి కూడా పరీక్షించారు. అలాంటి తేనెటీగను బయటి దేశం నుంచి తెప్పించాలనే ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు, కొత్త పురుగు, కొత్త రోగం కలిసి వస్తాయి. బ్రష్ పట్టుకుంటే సరిపోతుంది.

నీటి రంగులకు వాడే అతి సన్నటి బ్రష్ తీసుకోండి, పొడిగా ఉండాలి. ఉదయం పూలు విచ్చుకుని పుప్పొడి పొడిగా రాలుతున్నప్పుడు, ఒక చెట్టు పువ్వు కేసరాల మీద బ్రష్ తిప్పి, ఇంకో చెట్టు పువ్వు మధ్యలోని మూడు కీలాగ్రాలకూ తాకించండి. మూడిటికీ తగలాలి, ఒక్కదానికి తగిలిస్తే చాలనుకోవద్దు. ఒకే చెట్టు ఉన్నా కాయ పడొచ్చు, కానీ వేరే రకం చెట్టు పుప్పొడి దొరికితే కాయ నిలిచే అవకాశం పెరుగుతుంది, కాబట్టి కొనేటప్పుడే వేర్వేరు చోట్ల నుంచి రెండు మొక్కలు తెచ్చుకోండి. బ్రష్ తగిలించిన గుత్తులకు రంగు దారం కట్టండి, తగిలించని గుత్తులకు కట్టకండి. అప్పుడే తేడా మీ కంటికి తెలుస్తుంది. వాన పడే రోజు, కుండీ పూర్తిగా ఎండిన రోజు ఈ పని పెట్టుకోవద్దు.

కుదిరితే పక్కన తులసి, సబ్జా, పొద్దుతిరుగుడు లాంటివి రెండు కుండీలు పెట్టండి. మన తేనెటీగలు నూనె తీసుకోకపోయినా తేనె కోసం మిద్దె దాకా వస్తాయి, వచ్చినవి పుప్పొడి కోసం చెర్రీ పూల మీదా తిరుగుతాయి. పూత మీద ఉన్నప్పుడు వేప నూనె సహా ఏ మందూ కొట్టొద్దు, తప్పదనుకుంటే సాయంత్రం చీకటి పడ్డాక.

కాయ పడితే పువ్వు నుంచి పండుకి మూడు నాలుగు వారాలే. పచ్చ నుంచి ఎరుపుకి చాలా త్వరగా తిరుగుతుంది, పండాక చెట్టు మీద ఉంచితే పిట్టలు వదలవు. కోసిన పండు బయట ఎక్కువ రోజులు నిలవదు, కాబట్టి ఆ పూటే తినేయండి, మిగిలితే గింజలు తీసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.